మంచు మీద కాపురం

(రేడియో ప్రసంగ పాఠము)

పొయ్యి మీద ఎసరు పెట్టి వింటున్న తల్లులకు, పొలానికి బయలుదేరబోతూ ఒక్క నిమిషం ఆగిన సహోదరులకు, మంచం మీద నుండే ఈ కార్యక్రమము వినే రోగులకు ప్రత్యేకముగా వందనములు.

ఈ ఉదయం మీతో ఒక పురుగును గురించి మాట్లాడాలనుకుంటున్నాను. "పొద్దున్నే పురుగు సంగతేమిటి అయ్యగారూ?" అంటారేమో. లేఖనములలో చీమ ఉంది, మిడత ఉంది, చిమ్మెట కూడా ఉంది. జ్ఞానియైన సొలొమోను సోమరికి బుద్ధి చెప్పడానికి చీమనే ఎంచుకున్నాడు. నేను చెప్పబోయే పురుగును మాత్రం ఆయన చూసి ఉండడు. మీలోనూ ఎవరూ చూసి ఉండరు. నేనూ చూడలేదు, దాన్ని గురించి చదివాను, అంతే. అది నేపాలు దేశంలో, లాంగ్‌టాంగ్ అనే లోయ పైభాగాన, యాలా అనే హిమానీనదం మీద కాపురం ఉంటుంది. హిమానీనదమంటే మంచు గడ్డకట్టి, కొండ వాలు మీద మెల్లమెల్లగా కిందికి జారుతూ ఉండే నది. యాలా సముద్రమట్టానికి 5,000 మీటర్ల పైన ఉంది. మైనస్ 16 డిగ్రీల చలిలో ఈ పురుగు ఆ మంచు మీద తాపీగా నడుస్తూ కనబడింది.

మొన్న సండేస్కూలులో పిల్లలకు సృష్టిని గురించి చెబుతుంటే ఒక చిన్నవాడు లేచి, "మంచుకొండల మీద కూడా పురుగులుంటాయా అయ్యగారూ? చలికి చచ్చిపోవా?" అని అడిగాడు. మంచి ప్రశ్న. చలికి పురుగు చస్తుందని మనందరికీ తెలుసు. పుష్యమాసపు చలిలో దోమలు తగ్గుతాయి, ఈగలు మందగిస్తాయి. మరి ఏడాది పొడుగునా చలే అయినచోట పురుగు ఎలా బ్రతుకుతుంది?

ముందు ఆ చలి ఎంతో చూద్దాం. నేల నుండి పైకి వెళ్ళేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది. మే నెలలో విజయవాడలో 42 డిగ్రీలు ఉన్నదనుకోండి. గాలిలో నిచ్చెన వేసుకొని 5,000 మీటర్లు ఎక్కగలిగితే అక్కడ పది డిగ్రీల లోపే ఉంటుంది. అది మన మే నెల ఎండకు పైన. ఉత్తరాన హిమాలయాల్లో, చలికాలపు రాత్రి సంగతి ఇక చెప్పనక్కరలేదు. పైగా 5,500 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి సముద్రతీరంలో ఉండేదానిలో సగమే. ఎండేమో నిప్పులా కాలుస్తుంది, నీడలోకి జరిగితే గడ్డ కట్టిస్తుంది. మన ఊళ్ళ నుండి సైన్యంలో చేరి సియాచిన్‌లో, లడఖ్‌లో కాపలా కాసి వచ్చిన బిడ్డలను అడగండి. ఎన్ని పొరల బట్టలు, ఎలాంటి బూట్లు తొడుక్కున్నారో చెబుతారు. అన్నీ తొడిగినా చలికి వేళ్ళు నల్లబడి, చివరికి డాక్టర్లు తీసివేయవలసి వచ్చినవారు ఉన్నారు.

మనకు ఒంట్లో వేడి పుడుతుంది. తిన్న అన్నమే మన లోపలి పొయ్యికి కట్టెలు. పురుగుల్లో ఎక్కువ వాటికి ఆ పొయ్యి లేదు. బయట ఎంత చలో లోపలా అంత చలి. మరి చలి చంపేది ఎలా? ఫ్రీజరులో టమాటా పెట్టి మరచిపోయిన తల్లులకు ఈ సంగతి తెలుసు. మరునాడు బయట పెడితే అది మెత్తబడి, నీరు కారి, కూరకు కూడా పనికిరాదు. లోపలి నీరు గడ్డకట్టినప్పుడు ఆ మంచు పలుకులు సూదుల్లా దాని కణాలను చీల్చివేశాయి. జీవి దేహంలోనూ జరిగేది అదే. కాబట్టి చలికొండల పురుగు ముందున్న ప్రశ్న ఒక్కటే. లోపలి నీటిని ఏం చేయాలి?

చాలా పురుగులు ఆ నీటిని గడ్డకట్టనివ్వవు. చలికాలం రాకముందే ఒంట్లో గ్లిజరిన్ తయారుచేసుకుంటాయి. అవును, చలికాలంలో పెదవులు పగిలితే మందుల షాపులో కొని రాసుకుంటామే, ఆ గ్లిజరినే. అది కలిసిన నీరు సున్నా దగ్గర గడ్డకట్టదు. కొన్ని పురుగుల్లో ఒక విధమైన ప్రోటీన్ కూడా ఉంటుంది. మంచు పలుకు ఇంకా కంటికి కనబడనంత చిన్నదిగా ఉన్నప్పుడే అది వెళ్ళి దాన్ని అంటుకొని, ఇక పెరగకుండా పట్టి ఉంచుతుంది. మరికొన్ని చలికి ముందు ఉపవాసముండి కడుపు ఖాళీ చేసుకుంటాయి. కడుపులో ఆహారపు నలుసు ఒక్కటి ఉన్నా దాని చుట్టూ మంచు పేరుకోవడం మొదలవుతుందని.

ఇంకొక మార్గం ఉంది, అది వింటే ఆశ్చర్యపోతారు. న్యూజిలాండు దక్షిణ ద్వీపపు కొండల మీద వేటా అనే పెద్ద పురుగు ఉంది. మన కీచురాయికి పెదనాన్న లాంటిది. అది రాళ్ళ కింద ఉంటుంది. చలి రాత్రి అది నిజంగానే గడ్డకట్టిపోతుంది. మైనస్ 10 డిగ్రీల దాకా తట్టుకుంటుంది, ఒంట్లోని నీటిలో 82 శాతం మంచుగా మారుతుంది. చేతితో తడితే రాయిలా ఉంటుంది. ఎండ ఎక్కాక కరిగి, కాళ్ళు కదిపి, మేతకు పోతుంది. రహస్యమేమిటంటే, మంచు కణాల మధ్య ఉన్న ఖాళీల్లో మాత్రమే కడుతుంది, కణాల లోపలికి పోదు. ఇది చచ్చి లేవడం కాదు సుమండీ, అలా బోధించేవారు ఎవరైనా ఉంటే నమ్మకండి. అది గడ్డకట్టినప్పుడు కూడా ప్రాణంతోనే ఉంటుంది.

బంబుల్ బీ అనే బొద్దు తేనెటీగది వేరే దారి. చూడడానికి మన తుమ్మెదలా, ఒళ్ళంతా నూగుతో ఉంటుంది. పురుగుల్లో ఎక్కువ వాటికి పొయ్యి లేదన్నాను గదా, దీనికి ఉంది. ఎగిరే ముందు రెక్కలు ఆడించకుండానే రొమ్ములోని రెక్కల కండరాలను వణికిస్తుంది. ఆ వణుకుతో ఒళ్ళు 30 డిగ్రీలకు పైగా వేడెక్కుతుంది, అప్పుడు లేస్తుంది. చలిలో మనం వణకడం కూడా ఇదే పని, కాకపోతే మనం చేతకాక వణుకుతాం, అది తెలిసి వణుకుతుంది. రాణి ఈగ తన పిల్లల మీద కడుపు ఆనించి కోడి పొదిగినట్లు పొదుగుతుంది. చైనాలోని సిచువాన్ కొండల్లో 3,250 మీటర్ల దగ్గర పట్టిన ఈ ఈగలను పెట్టెలో ఉంచి, లోపలి గాలిని పలుచన చేస్తూ పోయిన ప్రయోగం ఒకటి 2014లో అచ్చయింది. 9,000 మీటర్ల ఎత్తున ఉండేటంత పలుచని గాలిలోనూ కొన్ని ఎగిరాయి. ఎవరెస్టు శిఖరం 8,849 మీటర్లే.

సైనికుల వేళ్ళ సంగతి చెప్పాను. అమెరికా కొండల్లో స్నో ఫ్లై అనే ఈగ ఉంది. రెక్కలు లేవు, పొడుగాటి కాళ్ళతో సాలెపురుగులా మంచు మీద నడుస్తుంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు కొండలెక్కేవారి సాయంతో వీటిని పట్టి, వేడిని చూపే కెమెరా కింద ఉంచి చలిని పెంచుతూ చూశారు. ఇది సగటున మైనస్ 7 డిగ్రీల దాకా నడుస్తూనే ఉంది. ఆ తరువాత కాలి కొసన మంచు కట్టడం మొదలవుతుంది. అది కాలి వెంట పైకి పాకి దేహంలోకి చేరితే చావే. చేరకముందే, రెప్పపాటులో, ఆ కాలిని మొదలంటా తెంచివేసుకుంటుంది. మిగిలిన కాళ్ళతో నడక సాగిస్తుంది. తెగిన కాలు మళ్ళీ మొలవదు. 2023లో ఈ సంగతి లోకానికి తెలిసింది. ఇది చదువుతుంటే మీకు ఒక సువార్త వచనం జ్ఞాపకం వస్తుంది, నాకూ వచ్చింది. అయితే ఆ వచనం ఈగను గురించి కాదు, ఈగ ఆ వచనాన్ని గురించి కాదు, కాబట్టి అక్కడే ఉంచుదాం.

చలి సంగతి సరే, మరి తిండి? అంత ఎత్తున చెట్టు లేదు, గడ్డి లేదు. 1924లో ఎవరెస్టు యాత్రలో డాక్టరుగా వెళ్ళిన హింగ్‌స్టన్ అనే ఆయనకు టిబెట్టు వైపు 6,700 మీటర్ల ఎత్తున చిన్న చిన్న గంతుల సాలెపురుగులు దొరికాయి. సాలెపురుగును శాస్త్రజ్ఞులు కీటకాల్లో లెక్కవేయరు, ఎనిమిది కాళ్ళ జీవి. అయినా ఆ ప్రశ్న మాత్రం మనకు కావలసినదే. చుట్టూ మంచు, రాయి. ఏం తిని బ్రతుకుతున్నాయి? ఒకదానినొకటి తింటాయేమోనని ఆయన అనుకున్నాడు. అలా అయితే ఎన్నాళ్ళు సాగుతుంది చెప్పండి? 2014 మే 25న మన నిజామాబాదు జిల్లా బిడ్డ మాలావత్ పూర్ణ, ఖమ్మం బిడ్డ ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కింది టిబెట్టు వైపు నుండే. ఆ దారిలో వారి బూట్ల పక్కన రాళ్ళ సందున ఈ జీవులు ఉండే ఉంటాయి. ఎవరు చూస్తారు, ఊపిరి అందడమే కష్టమైన చోట?

జవాబు చెప్పినవాడు డార్జిలింగ్‌లో మిషనరీ దంపతుల ఇంట పుట్టిన లారెన్స్ స్వాన్. 1954లో మకాలు యాత్రకు, 1960–61లో హిల్లరీ నడిపిన యాత్రకు ఆయన వెళ్ళాడు. ఆ సాలెపురుగులు చిన్న ఈగలను, స్ప్రింగ్‌టెయిల్ అనే నలుసంత ప్రాణులను తింటున్నాయి. మరి ఆ నలుసులు ఏం తింటున్నాయి? గాలి తెచ్చినది. కింద లోయల నుండి, మైదానాల నుండి పైకి లేచే గాలి పుప్పొడిని, ఎండుటాకు పొడిని, గింజలను, దారితప్పిన పురుగులను మోసుకెళ్ళి మంచు మీద పడవేస్తుంది. అదే ఆ ఊరి రేషను. గాలి పోషించే మండలమని స్వాన్ దానికి పేరుపెట్టాడు.

మన దేశంలో ఈ చదువుకు పునాది వేసినవారు ఎం. ఎస్. మణి అనే ఆచార్యులు. ఆగ్రాలో 1850లో చర్చి మిషనరీ సొసైటీవారు స్థాపించిన సెయింట్ జాన్స్ కళాశాలలో ఆయన పనిచేశారు. 1950లలో ఆ కళాశాల నుండే బృందాలను వెంటబెట్టుకొని వాయవ్య హిమాలయాలకు కీటకాల కోసం యాత్రలు చేశారు. చెట్లు ఆగిపోయిన ఎత్తుకు పైన ఉండే పురుగులను గురించి 1962లో ఒక పుస్తకం, 1968లో ఇంకా పెద్దది ఒకటి రాశారు. ఒక మిషను కళాశాల తరగతి గది నుండి బయలుదేరి, ఎవరికీ పనికిరాదనుకున్న పురుగు కోసం కొండలెక్కిన ఆ పిల్లలను తలుచుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది. ఈ రోజుల్లో పిల్లవాడు పురుగుల చదువు చదువుతానంటే తల్లిదండ్రులు ఏమంటారో మీకు తెలుసు.

ఆ ఎత్తున పురుగులు ఎక్కువగా కరుగుతున్న మంచు అంచున, రాళ్ళ కింద చేరతాయి. నల్లనివి ఎక్కువ. నల్లని గుడ్డ ఎండను పీల్చినట్లు అవీ పీలుస్తాయి. రెక్కలు లేనివి, ఉన్నా ఎగరలేనివి ఎక్కువ. ఆ కొండగాలిలో ఎగరబోతే ఏ లోయలో పడవేస్తుందో తెలియదు, నడవడమే క్షేమం. ఇంకొక మాట. మంచు కప్పితే పురుగు చస్తుందని మనం అనుకుంటాం. నిజానికి మంచే వాటికి దుప్పటి. తాజా మంచులో గాలి చిక్కుకొని ఉంటుంది, అది దూదిబొంతలా పనిచేస్తుంది. పైన మైనస్ 20 ఉన్నా, మందంగా మంచు కప్పిన నేల సున్నాకు దగ్గరగానే ఉంటుంది. మంచు సరిగా పడని ఏడాదే ఆ పురుగులకు గడ్డుకాలం. దుప్పటి లేకుండా పడుకున్నట్లు.

ఇక మన లాంగ్‌టాంగ్ పురుగు దగ్గరకు వద్దాం. దాన్ని లోకానికి చూపించినవాడు కోషిమా అనే జపాను శాస్త్రజ్ఞుడు, 1984లో. తరువాత ఆయన పేరే దానికి పెట్టారు. వర్షాకాలంలో మన వీధి దీపాల చుట్టూ మూగే, కుట్టని దోమల్లాంటి సన్నని పురుగుల బంధువు అది. కానీ దానికి రెక్కలు కుంచించుకుపోయి ఉంటాయి, మీసాలూ చిన్నవే. ఎగరదు. మంచు మీద, మంచు సందుల్లో నడుస్తుంది. గుడ్డు నుండి చావు దాకా దాని బ్రతుకంతా హిమానీనదం మీదే. పిల్లపురుగులు మంచు కింద పారే కరిగిన నీటి కాలువల్లో పెరుగుతాయి. ఆ నీటిలో పుట్టే నీలి ఆకుపచ్చ నాచును, సూక్ష్మజీవులను తింటాయి. మంచులో నాచు ఎక్కడిదంటారేమో. ఎండ, నీరు, గాలి తెచ్చిన చిటికెడు ధూళి ఉంటే చాలు, అది అక్కడా పడుతుంది.

ఇక్కడ దానికొక చిక్కు ఉంది, దయచేసి జాగ్రత్తగా వినండి. నీరు పల్లానికి పారుతుంది. పిల్లపురుగు ఆ నీటిలో పెరుగుతూ కొంచెం కొంచెంగా కిందికి కొట్టుకుపోతుంది. ప్రతి తరమూ ఇలా కిందికి పోతూ ఉంటే కొన్నేళ్ళకు ఆ జాతి హిమానీనదం కొసకు చేరి, అక్కడి నుండి జారి, అంతరించిపోవాలి. పోవడం లేదు. ఎందుకని? పెద్దదైన ఆడపురుగు గుడ్లు పెట్టడానికి పైకి నడుస్తుంది. దోమంత ప్రాణి, రెక్కలు లేవు, గడ్డకట్టిన మంచు, ఎత్తు వైపు నడక.

అందులోనూ ఒక తెలివి ఉంది. హిమానీనదం నున్నగా ఉండదు. మిట్టలు, గుంటలు, పగుళ్ళు. కేవలం కాలి కింద మిట్ట కనబడిన వైపు ఎక్కుతూ పోతే, ఏదో ఒక చిన్న గుట్ట మీదికి చేరి అదే శిఖరమనుకొని ఆగిపోవాలి. మనుషుల్లోనూ అలా ఆగిపోయినవారు చాలామంది ఉన్నారనుకోండి. ఈ పురుగు అలా చేయదు. సూర్యుడు ఎటు ఉన్నాడో చూసుకొని, దాన్ని గురిగా పెట్టుకొని తిన్నగా నడుస్తుంది. మధ్యలో గుంట వస్తే దిగుతుంది, మిట్ట వస్తే ఎక్కుతుంది, దిశ మార్చదు. అలా తిన్నగా నడిస్తేనే మొత్తం మీద వాలు ఎటున్నదో దానికి తెలుస్తుంది. కోషిమా ఆ మంచు మీద కూర్చొని వీటి నడకను పరిశీలించి 1985లో ఇదంతా వివరంగా రాశాడు.

ఇలాంటి పురుగును చూస్తే మనకు జాలి వేస్తుంది. అయ్యో చలిలో ఉంది, చేతిలోకి తీసుకొని వెచ్చగా ఉంచుదామనిపిస్తుంది. కెనడాలో 1913లో బాన్ఫ్ దగ్గర సల్ఫర్ కొండ మీద దొరికిన ఇంకొక మంచు పురుగు ఉంది, గ్రిల్లోబ్లాటా. రాత్రిపూట మంచు మీద తిరిగి, చలికి చచ్చి పడి ఉన్న పురుగులను ఏరుకు తింటుంది. సున్నాకు కాస్త అటూ ఇటూ ఉండే చలి దానికి హాయి. దాన్ని అరచేతిలో ఉంచుకుంటే మన చేతి వేడికే చచ్చిపోతుంది. బిడ్డ నుదుటి మీద పెట్టే ఆ వెచ్చని చెయ్యే. తెలుగులో చలి అంటేనే బాధ, వెచ్చదనమంటేనే ప్రేమ. వీటికి చలే ఇల్లు. కష్టాన్ని ఓర్చుకొని అక్కడ ఉంటున్నాయని మనం అనుకుంటాం, నా ఉద్దేశంలో అది సరికాదు. చేప నీటిని ఓర్చుకుంటుందా?

ప్రియులారా, ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. ఆ ఇల్లు కరిగిపోతోంది.

హిమాలయ దేశాలన్నీ కలిసి నడిపే, కాఠ్మండులో ఉన్న ఇసిమోడ్ అనే సంస్థ 2023లో ఒక నివేదిక ఇచ్చింది. హిందూకుష్ హిమాలయ ప్రాంతపు హిమానీనదాలు అంతకుముందు దశాబ్దం కంటే 2011 నుండి 2020 మధ్య 65 శాతం ఎక్కువ వేగంగా కరిగాయని చెప్పింది. మన యాలాను 1970లలో మొదటిసారి కొలిచారు. అప్పటి నుండి ఇప్పటికి దాని మంచులో 66 శాతం పోయింది, దాని కొస 784 మీటర్లు వెనక్కి జరిగింది. ముప్పావు కిలోమీటరు పైమాటే. మన ఊళ్ళో చెరువు కట్ట నుండి చర్చి దాకా అంత ఉంటుందేమో లెక్క చూసుకోండి.

కారణాలు మీకు తెలియనివి కావు. బొగ్గు, పెట్రోలు కాల్చగా లోకమంతా వేడెక్కుతోంది. దానికి తోడు పొయ్యిల నుండి, ఇటుక బట్టీల నుండి, లారీల నుండి లేచిన మసిని ఇందాక చెప్పిన గాలే పైకి తీసుకెళ్ళి తెల్లని మంచు మీద పరుస్తోంది. మసి పడిన మంచు ఎండను ఎక్కువ పీల్చి తొందరగా కరుగుతుంది. మంచు మీద పెరిగే నాచు కూడా దాన్ని నల్లబరుస్తుందని, కరుగుదలను పెంచుతుందని కోషిమా బృందమే 1993లో యాలా మీద చూపించింది. అయితే ఆ నాచు, ఆ పురుగు అక్కడ ఎన్నో యుగాలుగా ఉన్నాయి, హిమానీనదం వాటిని భరిస్తూనే వచ్చింది. కొత్తగా వచ్చింది మన పొగ.

అమెరికాలోని మోంటానాలో గ్లేసియర్ నేషనల్ పార్కు ఉంది, హిమానీనదాల పేరు మీదే. 1850 నాటికి అక్కడ సుమారు 150 ఉండేవంటారు, 2015లో లెక్కవేస్తే 26. వాటి కిందనే పారే చల్లని వాగుల్లో మాత్రమే బ్రతికే రెండు రకాల స్టోన్‌ఫ్లైలను అక్కడి ప్రభుత్వం 2019లో ముప్పులో ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. మైదానంలో పురుగుకు వేడెక్కితే కొండెక్కుతుంది. కొండ మధ్యలో ఉన్నది పైకి పోతుంది. పై కొసన ఉన్నది ఎక్కడికి పోతుంది?

"మనుషుల నీళ్ళ సంగతే తేలలేదు, పురుగుల సంగతా?" అని ఎవరైనా అనవచ్చు. న్యాయమైన మాటే. ఆ నీళ్ళూ ఇవే. యాలా నీరు లాంగ్‌టాంగ్ వాగులో కలిసి, త్రిశూలిలో, ఆ తరువాత గండకిలో చేరి, పాట్నా దగ్గర గంగలో పడుతుంది. ఆ దారి పొడుగునా ఎన్ని బిందెలు నిండుతున్నాయో, ఎన్ని మళ్ళు తడుస్తున్నాయో. అయినా నేను పురుగు పక్షాన మాట్లాడడం నీటి కోసం కాదు. యోబు గ్రంథము 38వ అధ్యాయములో దేవుడు యోబును వరుసగా ప్రశ్నలు అడుగుతాడు. అందులో మంచు నిలువ ఉంచిన చోట్ల సంగతి ఉంది, మనిషే లేని అడవి మీద కురిసే వానల సంగతి ఉంది. ఎన్నోసార్లు చదివిన అధ్యాయమే. యోబు చేలకు ఆ వాన ఉపయోగపడిందని అక్కడ ఎక్కడా లేదు.

2025ను ఐక్యరాజ్య సమితి హిమానీనదాల సంరక్షణ సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏడాది మే 12న యాభై మందికి పైగా మనుషులు లాంగ్‌టాంగ్ లోయలోకి నడిచి వెళ్ళి యాలాకు శ్రద్ధాంజలి ఘటించారు. 2015 ఏప్రిల్ 25 భూకంపంలో మంచు, రాళ్ళు విరిగిపడి ఊరికి ఊరే సమాధి అయిన లోయ అది. అక్కడి వారికి అంజలి ఘటించడం కొత్త కాదు. కానీ ఇది హిమానీనదానికి. బౌద్ధ సన్యాసులు తమ ఆచారం ప్రకారం కార్యక్రమం జరిపారు, శిలాఫలకాలు ఉంచారు. అంతకుముందు 2019లో ఐస్‌లాండులో కూడా చచ్చిన హిమానీనదానికి ఇలాగే చేశారు. నా సేవలో ఎన్నో భూస్థాపన కార్యక్రమములు జరిపించాను గాని, మంచుకు అలాంటిది ఒకటి జరుగుతుందని నేను ఎన్నడూ తలంచలేదు.

మన సంఘాల్లో సమాధి దగ్గర, ఆయన విడిచివెళ్ళిన వారి పేర్లు చదువుతాం. భార్య, ఇద్దరు కుమారులు, కుమార్తె, అల్లుడు, మనుమలు. అక్కడ ఎవరైనా ఆ జాబితా చదివారో లేదో నాకు తెలియదు. యాలాకు రాస్తే అది పొడుగే అవుతుంది. రెక్కలు లేని పురుగు. అదే నీటిలో ఉండే, రొయ్య జాతికి చెందిన, కంటికి కనబడీ కనబడని ఒక చిన్న జీవి. నీలి ఆకుపచ్చ నాచు. త్రిశూలి ఒడ్డున వరి మడి ఉన్న ప్రతి ఇల్లు.

యాలా ఇంకా పూర్తిగా పోలేదు. మూడింట ఒక వంతు మంచు మిగిలే ఉంది. దాని మీద ఆడపురుగు సూర్యుణ్ణి గురిగా పెట్టుకొని, గుంటలు దిగుతూ, మిట్టలు ఎక్కుతూ పైకి నడిచే కాలం ఏటేటా వస్తూనే ఉంది. గుడ్లు పెట్టడానికి చేరవలసిన చోటు మాత్రం ఏడాదికేడాది కుదించుకుపోతోంది.